సంతలో వచ్చిన లెక్క బడిలో ఎందుకు తప్పుతోంది?

2025 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లెక్కల చదువు మీద మన దేశంలో పాత చర్చను మళ్లీ లేపింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకులు అమ్మే 1,436 మంది పిల్లలకు లెక్కలు ఎంతవరకు వచ్చో చూశారు. కొనేవాళ్లలాగే వెళ్లి, మామూలుగా ఎవరూ అడగని తూకాలు అడిగారు. ఉదాహరణకు కిలో 40 రూపాయల వంకాయలు కిలో 200 గ్రాములు, కిలో 30 రూపాయల టమాటాలు 700 గ్రాములు తీసుకుని 200 రూపాయల నోటు ఇచ్చామనుకోండి. వంకాయలకు 48, టమాటాలకు 21, మొత్తం 69, తిరిగి ఇవ్వాల్సింది 131. ఇలాంటి లెక్కల్ని ఆ పిల్లలు దాదాపు అందరూ నోటితోనే తేల్చేశారు. అంతే కష్టమైనవి, కొన్నిసార్లు అంతకన్నా తేలికైనవి, బడిలో ఇచ్చే పద్ధతిలో అంకెలుగా రాసి ఇస్తే మాత్రం చేయలేకపోయారు.

వార్తల్లో ఎక్కువగా వినిపించింది ఇంతవరకే. అధ్యయనంలో రెండో సగం కూడా ఉంది. దగ్గర్లోని బడుల్లో చదువుతూ, అమ్మకం అలవాటు లేని 471 మంది పిల్లల్ని కూడా పరీక్షించారు. తేలికపాటి అంకెల లెక్కల్లో వీళ్లు మెరుగ్గా ఉన్నారు. కానీ పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా చేసిన ఒక మార్కెట్ లెక్కను వీళ్లలో సరిగ్గా చేసినవాళ్లు 1 శాతమే. అంటే లెక్క ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడవడం లేదు, రెండు దిక్కులా.

అంతకు కొద్ది రోజుల ముందే, గ్రామీణ పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే సర్వే ‘అసర్ 2024’ నివేదిక వచ్చింది. గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30.7 శాతం అని అది చెప్పింది. ఈ రెండూ కలిపి చదివినవాళ్లు రెండు రకాల తీర్పులిచ్చారు. బడి వల్ల ఉపయోగం లేదని కొందరు, పిల్లలకు పునాది లేదు కాబట్టి బట్టీ, అభ్యాసం ఇంకా పెంచాలని కొందరు. గణిత బోధన మీద యాభై అరవై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనను చూస్తే ఈ రెండు తీర్పులూ తొందరపాటువే అనిపిస్తుంది.

అసలు ఈ పరిశోధన దేని గురించి?

గణితంలో కొత్త సిద్ధాంతాలు నిరూపించడం గణిత శాస్త్రవేత్తల పని. మనుషులు గణితాన్ని ఎలా నేర్చుకుంటారు, ఎక్కడ తడబడతారు, ఎలా చెబితే నిలుస్తుంది అని పరీక్షించి చూడటం వేరే రంగం. దాన్నే గణిత విద్యా పరిశోధన అంటారు. గణిత బోధన కోసం 1908లో రోమ్‌లో ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దానికి తొలి అధ్యక్షుడు. అయితే ఈ రంగానికి సొంత పత్రికలు, సొంత పద్ధతులు వచ్చింది 1960ల చివర్లోనే. మన దేశంలో ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఈ పనికి ప్రధాన కేంద్రాల్లో ఒకటి.

మొదట్లో పరిశోధన చాలావరకు మార్కుల చుట్టూ తిరిగింది. ఈ పద్ధతిలో చెబితే సగటు ఎంత, ఆ పద్ధతిలో చెబితే ఎంత అన్నదే ప్రశ్న. 1970ల నుంచి ప్రశ్న మారింది. జవాబు ఒప్పా తప్పా అన్నదానితో ఆగకుండా, ఆ పిల్ల ఆ జవాబుకు ఏ దారిన వచ్చిందో తెలుసుకోవడం మొదలైంది. ఆ తర్వాత వచ్చిన పోకడల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

రెసీఫే వీధుల్లో కొబ్బరికాయలు

కోల్‌కతా ఫలితానికి నలభై ఏళ్ల వెనక ఒక పూర్వగామి ఉంది. 1985లో టెరెజీనా నూనెస్, డేవిడ్ కారహెర్, అనలూసియా ష్లీమన్ బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే అయిదుగురు పిల్లలతో మాట్లాడారు. అమ్మకం మధ్యలో అడిగిన లెక్కల్లో 98.2 శాతం సరైన జవాబులు వచ్చాయి. అవే సంఖ్యలను కథ రూపంలో అడిగితే 73.7 శాతం. ఉత్త అంకెలుగా ఇస్తే 36.8 శాతం.

అందులో 12 ఏళ్ల కుర్రాడి జవాబు ఒకటి చాలా ప్రసిద్ధం. కొబ్బరికాయ 35 క్రుజేరోలు, పది కాయలెంత? పది రెట్లు చేయాలంటే పక్కన సున్నా పెట్టాలని బడి చెబుతుంది. ఆ కుర్రాడు మూడు కాయలు 105 అని మొదలుపెట్టాడు, ఇంకో మూడు కలిపి 210, ఆపై 315, చివరికి ఇంకొకటి చేర్చి 350 అన్నాడు. మూడు కాయల ధర అతనికి రోజూ నోట్లో ఆడే సంఖ్య. దాన్ని పట్టుకుని మిగతాది కట్టుకుంటూ వెళ్లాడు.

అయిదుగురు పిల్లలంటే చాలా చిన్న అధ్యయనం. అందుకే కోల్‌కతా, ఢిల్లీ పని ముఖ్యమైంది. అది ఇదే ప్రశ్నను పెద్ద సంఖ్యలో పిల్లలతో అడిగి, రాగల అనుమానాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. పిల్లలు ధరలు బట్టీపట్టి చెబుతున్నారా? పక్కవాళ్లు సాయం చేస్తున్నారా? డబ్బు పోతుందన్న భయంతో జాగ్రత్తపడుతున్నారా? వీటిలో ఏదీ ఆ తేడాకు కారణం కాదని తేలింది.

తప్పు జవాబు వెనక ఒక నియమం

ఒక పిల్లవాడు 43 − 28 = 25 అని రాశాడనుకుందాం. అజాగ్రత్త అని ఎర్ర సిరాతో కొట్టేస్తాం. ఇంకో రెండు లెక్కలు ఇచ్చి చూడండి. 62 − 37కి 35, 81 − 46కి 45 రాస్తే అది అజాగ్రత్త కాదు. ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు, పైనున్నదేదో కిందున్నదేదో చూడకుండా. అతని దగ్గర ఒక నియమం ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ఆ నియమమే తప్పు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ఇలాంటి తప్పుడు నియమాలను ‘బగ్గీ’ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో పెట్టి, పిల్లల తప్పుల్లో చాలావాటికి ఒక క్రమం ఉంటుందని చూపించారు. ఈ పిల్లవాడికి ఇంకో ఇరవై తీసివేతలు ఇస్తే తప్పుడు నియమానికే సాధన దొరుకుతుంది.

ఇంతకన్నా కలవరపెట్టే సంగతి, తప్పుడు నియమం సరైన జవాబుల వెనక కూడా దాక్కోవచ్చు. 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అమెరికాలో బెన్నీ అనే మారుపేరుతో ఒక ఆరో తరగతి విద్యార్థి గురించి రాశాడు. ఎవరి వేగంలో వాళ్లు కార్డులు చదువుకుని, పరీక్ష రాసి, ముందుకు పోయే పద్ధతిలో బెన్నీ చదివేవాడు. తరగతిలో చాలామంది కన్నా ముందున్నాడు. కూర్చోబెట్టి మాట్లాడితే తెలిసిందేమిటంటే, 2/10ని దశాంశంగా 1.2 అని, 5/10ని 1.5 అని రాస్తాడు. పైదీ కిందిదీ కూడి, మధ్యలో చుక్క పెడతాడు. అందుకే 4/11, 11/4 రెండూ అతనికి 1.5. గణితమంటే ఎవరో పెట్టిన నియమాల మూట అని, జవాబుల పట్టికలో ఉన్న రూపానికి తన జవాబు కుదరాలని అతను నమ్మాడు. మార్కుల పట్టికలో ఇదేమీ కనిపించలేదు.

1976లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ స్కెంప్ దీనికి ఒక చూపు ఇచ్చాడు. ఏం చేయాలో మాత్రమే తెలియడం ఒక రకం అర్థం చేసుకోవడం, ఏం చేయాలో, ఎందుకు చేయాలో రెండూ తెలియడం ఇంకో రకం. మన దగ్గర 14–18 ఏళ్లవాళ్లతో జరిగిన ‘అసర్ 2023’ సర్వేలో ఈ తేడా కళ్లకు కడుతుంది. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెడితే పొడవు సరిగ్గా చెప్పినవాళ్లు దాదాపు 85 శాతం. సున్నా దగ్గర కాకుండా వేరే చోట మొదలయ్యేలా పెడితే 39 శాతం. చివరి అంకె చదవాలన్న నియమం 85 మందికి వచ్చు. పొడవంటే రెండు గీతల మధ్య దూరం అన్న భావం అందులో సగానికి కూడా అందలేదు.

చెప్పి చేయించాలా, చేయనిచ్చి చెప్పాలా?

ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద తగాదా ఇది. రెండు పక్షాలకూ గట్టి ఆధారాలున్నాయి, కాబట్టి కొంచెం ఆగి చూడాలి.

మొదటి పక్షం ఆస్ట్రేలియాకు చెందిన జాన్ స్వెల్లర్‌ది. ఒక్క క్షణంలో మనసు పట్టి ఉంచుకోగలిగేవి కొన్నే. కొత్త పిల్లవాడికి తెలియని లెక్క ఇచ్చి నువ్వే వెతుక్కో అంటే, ఆ కొద్ది చోటూ వెతుకులాటకే సరిపోతుంది, నేర్చుకోవడానికి మిగలదు. దానికి బదులు అంచెలంచెలుగా చేసి చూపిన లెక్కల్ని చదివిస్తే తక్కువ సమయంలో ఎక్కువ వస్తుందని బీజగణితం మీద స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ 1985లో చేసిన ప్రయోగాలు చూపాయి. 2006లో పాల్ కిర్ష్‌నర్, స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ కలిసి, మార్గదర్శకత్వం లేని బోధన కొత్తవాళ్ల విషయంలో పనిచేయదని గట్టిగా వాదించారు. ఎక్కాలు నోటికి రావాలనే మన పెద్దల పట్టుదలకు కూడా ఈ వాదంలో మద్దతుంది. 7×8 తడుముకోకుండా వస్తేనే భాగహారం మీద మనసు పెట్టగలం.

రెండో పక్షంలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు మను కపూర్. సింగపూర్‌లో మొదలై జ్యూరిక్‌లో కొనసాగుతున్న ఆయన పనిలో ముందు సమస్య, తర్వాత వివరణ. పిల్లలు ముందు విఫలమవుతారు. ఆ వైఫల్యం ఎలాంటిదన్నదే కీలకం.

మన క్రికెట్‌తో చూద్దాం. ఇద్దరు బ్యాటర్ల అయిదు ఇన్నింగ్స్ పరుగులు ఇవి. మొదటివాడు 48, 52, 50, 49, 51. రెండోవాడు 0, 100, 20, 120, 10. ఇద్దరి మొత్తం 250, సగటు 50. నిలకడ ఎవరిది, దాన్ని ఒక్క సంఖ్యలో ఎలా చెబుతారు అని పిల్లల్ని అడిగి వదిలేయండి. కొందరు అత్యధికంలోంచి అత్యల్పం తీస్తారు, 4, 120 వస్తాయి. మధ్యలో ఏం జరిగినా ఆ కొలతకు పట్టదని పక్కవాళ్లు అభ్యంతరం చెబుతారు. ఇంకొందరు సగటు నుంచి ప్రతి స్కోరూ ఎంత దూరమో రాసి కూడతారు. మొదటివాడికి −2, 2, 0, −1, 1, మొత్తం సున్నా. రెండోవాడికి −50, 50, −30, 70, −40, మొత్తం మళ్లీ సున్నా! ఇక్కడ పిల్లలు ఆగిపోతారు. సరిగ్గా ఇప్పుడు ఉపాధ్యాయురాలు ఆ తేడాలను వర్గం చేసి, కూడి చూపిస్తే, మొదటివాడికి 10ని 5తో భాగించి 2, రెండోవాడికి 12,400ని 5తో భాగించి 2,480 వస్తాయి. ‘వర్గం ఎందుకు చేయాలి’ అన్న ప్రశ్న పిల్లల్లోనే పుట్టాక సూత్రం వచ్చింది. సూత్రం ముందే బోర్డు మీద రాస్తే ఆ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు.

మరి ఎవరు ఒప్పు? 2021లో తన్మయ్ సిన్హా, కపూర్ 53 అధ్యయనాలను కలిపి చూశారు. మొత్తం మీద ముందు సమస్య ఇవ్వడమే మెరుగని తేలింది. కానీ రెండు నుంచి అయిదో తరగతి పిల్లల్లో ఫలితం తిరగబడింది, అక్కడ ముందు చెప్పడమే మేలు చేసింది. అటు స్వెల్లర్ పక్షంవాళ్లే 2003లో ఇంకో సంగతి రాశారు. చేసి చూపిన లెక్కలు కొత్తవాళ్లకు ఎంత ఉపయోగమో, విషయం కాస్త పట్టుబడ్డ వాళ్లకు అంత అడ్డంకి అవుతాయి. ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే తగాదా చాలావరకు సర్దుకుంటుందని నా అభిప్రాయం. ఎవరికి, ఏ దశలో అన్న ప్రశ్న వదిలేసి పద్ధతుల పేర్లతో వాదించుకున్నందువల్లే అది ఇంతకాలం సాగింది. ఇంకో ముఖ్యమైన సంగతి, రెండు పక్షాల్లోనూ ఉపాధ్యాయుల వివరణ ఉంది. పిల్లల్ని వాళ్లంతట వాళ్లకే వదిలేయడం ఎవరి సిఫార్సూ కాదు.

సాధన ఎలా ఉండాలన్న చిన్న ప్రశ్నకు మాత్రం జవాబు కొంత స్పష్టంగా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఒక అభ్యాసంలో అన్నీ ఒకే రకం లెక్కలుంటాయి. ఏ పద్ధతి వాడాలో శీర్షికే చెప్పేస్తుంది. అమెరికాలో డగ్ రోరర్ బృందం 54 ఏడో తరగతి సెక్షన్లలో నెలల తరబడి రకరకాల లెక్కలు కలగలిపి ఇచ్చి చూసింది. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, చెప్పకుండా పెట్టిన పరీక్షలో కలగలిపి చేసినవాళ్లకు 61 శాతం, ఒకే రకంగా చేసినవాళ్లకు 38 శాతం వచ్చాయి.

నిజ జీవితం నుంచి మొదలుపెడితే సరిపోతుందా?

సంతలో లెక్క వస్తోంది కాబట్టి బడిలో కూడా సంత పెడదాం అనడం తేలిక. ఈ దారిలో అందరికన్నా దూరం వెళ్లింది నెదర్లాండ్స్. పిల్లలు ఊహించుకోగలిగే సందర్భం నుంచి మొదలై మెల్లగా అంకెల గణితానికి చేరాలని హాన్స్ ఫ్రాయిడెంటాల్ వాదించాడు. ఆ సంప్రదాయంలో పుట్టిన ఒక ఉపకరణం ఖాళీ సంఖ్యారేఖ. 200 లోంచి 69 తీయాలంటే కాగితం మీద ఒక గీత గీసి, 69 నుంచి ఒక గెంతులో 70, ముప్ఫై గెంతితే 100, వంద గెంతితే 200. గెంతుల మొత్తం 131. చిల్లర లెక్కపెట్టేటప్పుడు కూరగాయల మనిషి నోటితో చేసేది ఇదే. దాన్ని కాగితం మీదికి తేవడం వల్ల నోటి లెక్కకు, రాత లెక్కకు మధ్య ఒక మెట్టు ఏర్పడింది.

అయినా అక్కడ కూడా గొడవ జరిగింది. పిల్లలు పెద్ద సంఖ్యల గుణకారాలు, భాగహారాలు రాతలో చేయలేకపోతున్నారని గణితవేత్తలు కొందరు ఆందోళనకు దిగారు. డచ్ రాజ శాస్త్ర అకాడమీ వేసిన సంఘం 2009లో నివేదిక ఇస్తూ, పాత పద్ధతి మేలా కొత్తది మేలా అని తేల్చేంత ఆధారాలు లేవని, ఫలితానికి కీలకం ఉపాధ్యాయుల సామర్థ్యమని చెప్పింది.

సందర్భానికి వ్యతిరేకంగా కూడా ప్రయోగాలున్నాయి. 2008లో జెన్నిఫర్ కమిన్‌స్కీ బృందం ‘సైన్స్’ పత్రికలో, కాలేజీ విద్యార్థులు కొలపాత్రలు, పిజ్జా ముక్కలతో నేర్చుకున్నదాని కన్నా ఉత్త గుర్తులతో నేర్చుకున్న నియమాన్ని కొత్త చోట బాగా వాడగలిగారని రాసింది. ఆ కొత్త చోటు కూడా ఉత్త గుర్తులదే కాబట్టి అలా వచ్చిందని బెల్జియం పరిశోధకులు తర్వాత ప్రశ్నించారు. ఢిల్లీలో 1,540 మంది చిన్నపిల్లలతో జరిగి 2017లో వెలువడిన ప్రయోగం ఇంకా నేరుగా మనకు సంబంధించింది. డఫ్లో, స్పెల్కీ అందులోనూ ఉన్నారు. చుక్కల గుంపులు పోల్చడం, ఆకారాలు గుర్తించడం లాంటి ఆటలు నాలుగు నెలలు ఆడించారు. ఆ నైపుణ్యాలు ఏడాది దాటినా నిలిచాయి. ఒకటో తరగతి లెక్కలకు మాత్రం వాటి వల్ల లాభం రాలేదు. అంకెల భాషను ఆటలో కలపకపోతే, సహజంగా ఉన్న తెలివి దానంతటదే బడి గణితంగా మారదు.

ఉపాధ్యాయులకు ఏ గణితం రావాలి?

డచ్ సంఘం చెప్పిన ‘సామర్థ్యం’ అంటే డిగ్రీ కాదు. 1999లో లీపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక ఉపాధ్యాయులను పోల్చింది. ఆమె అడిగిన వాటిలో ఒకటి, ఒకటీముప్పావును అరతో భాగించి, దానికి తగిన ఒక కథ చెప్పమని. మీరూ ప్రయత్నించండి. ‘ఒకటీముప్పావు లీటర్ల పాలను ఇద్దరికి సమంగా పంచితే’ అన్నారంటే అది రెండుతో భాగించడం. ‘అందులో సగం తీసుకుంటే’ అన్నా అంతే. సరైన కథ ఇది: ఒకటీముప్పావు లీటర్ల పాలు అర లీటరు సీసాల్లో పోస్తే ఎన్ని సీసాలు? మూడున్నర. అమెరికాలో లెక్క కట్టినవాళ్లలో సగానికి తక్కువ మందే సరైన జవాబు తెచ్చారు. చైనాలో అందరూ తెచ్చారు, ఎక్కువమంది సరైన కథ కూడా చెప్పారు. చైనా ఉపాధ్యాయులు చదివిన ఏళ్లు తక్కువ. తాము చెప్పే ప్రాథమిక గణితాన్నే లోతుగా, సాటి ఉపాధ్యాయులతో కలిసి తిరగేస్తూ నేర్చుకున్నారు.

తెలుగు పిల్లలకు పావు, అర, ముప్పావు ఇంట్లోనే వినిపిస్తాయి. భిన్నాల పాఠం మాత్రం చాలా తరగతుల్లో లవం, హారం, అడ్డగుణకారంతో మొదలవుతుంది. ఇంతటి ఆస్తిని బడి గుమ్మం బయటే వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

యంత్రం వచ్చాక

తరగతి ఒకటే అయినా పిల్లలు ఒకే మెట్టు మీద ఉండరు. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చెబుతున్నదీ, తెలంగాణ బడుల్లో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం పట్టించుకున్నదీ ఈ సంగతినే. కంప్యూటర్ ఇక్కడ సాయపడగలదు. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ పరీక్షించిన ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్, బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో పిల్లల స్థాయికి తగ్గ లెక్కలిచ్చి, నాలుగున్నర నెలల్లోనే గణితంలో చెప్పుకోదగ్గ ఎదుగుదల చూపింది. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. బెన్నీని తప్పుదారి పట్టించినదీ ఎవరి వేగంలో వాళ్లు చదివే పద్ధతే కదా అని అడగవచ్చు. బెన్నీ కార్డులు జవాబును మాత్రమే చూశాయి. ఈ సాఫ్ట్‌వేర్ ఏ తప్పు ఎందుకు వస్తోందో వర్గీకరించి, దానికి తగ్గ పాఠం ఇచ్చేలా తయారైంది.

కృత్రిమ మేధ విషయంలో ఇదే తేడా ఇంకా పదునుగా బయటపడింది. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో హంసా బస్తానీ బృందం చేసిన ప్రయోగం 2025లో అచ్చయింది. మామూలు చాట్‌జీపీటీ లాంటి సాధనం ఇచ్చినవాళ్లు సాధన చేసేటప్పుడు 48 శాతం మెరుగ్గా చేశారు. సాధనం తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని వాడనివాళ్ల కన్నా 17 శాతం వెనకబడ్డారు. ఇంకో గుంపుకు ఇచ్చిన సాధనం జవాబు చెప్పదు, సూచనలు మాత్రమే ఇస్తుంది. ఆ గుంపులో సాధన ఫలితం 127 శాతం పెరిగింది, పరీక్షలో నష్టం దాదాపు కనిపించలేదు. అయితే వాడనివాళ్ల కన్నా మించిన లాభమూ రాలేదు. రెండు సాధనాల్లోనూ లోపల నడిచిన యంత్రం ఒకటే. రెండోదానికి ప్రతి లెక్కలోనూ పిల్లలు సాధారణంగా ఎక్కడ తప్పుతారో, అప్పుడు ఏ సూచన ఇవ్వాలో ఉపాధ్యాయులు ముందే రాసి ఇచ్చారు.